కొండూరులో వదినగార్లు

ఆ టికెట్లు అసలు కొన్నది వెంకట్, దుర్గల కోసం. పెళ్ళయిన ఏడాదికి గానీ వెంకట్‌కి బందరులో తన ఎరువుల కొట్టు వదిలి కదలడానికి వీలుపడలేదు. తీరా విజయవాడ ట్రావెల్స్ వాళ్ళకి యూరప్ హనీమూన్ ప్యాకేజీకి డబ్బు కట్టేశాక దుర్గ నెల తప్పింది. డాక్టరమ్మ విమానం ఎక్కొద్దంది. డబ్బు తిరిగివ్వం గానీ పేర్లు మార్చుకోవచ్చన్నారు ట్రావెల్స్ వాళ్ళు.

"మా అమ్మని పంపిద్దాం," అన్నాడు వెంకట్.

"మరి మా అమ్మ ఊరుకుంటుందా?" అంది దుర్గ.

అలా 2003 జులైలో హనీమూన్‌కి వియ్యపురాళ్ళు ఇద్దరూ బయల్దేరారు. ఒకావిడ వెంకట్ తల్లి వీరలక్ష్మి, కోడూరులో రొయ్యల చెరువుల ఆసామి భార్య. రెండో ఆవిడ దుర్గ తల్లి సౌభాగ్యమ్మ, గుడివాడ. ఆవిడ భర్త కాంతారావు గారు మోకాళ్ళ నొప్పులని, దిగబెట్టడానికి కూడా రానన్నారు. వియ్యపురాళ్ళు ఇద్దరూ కలిసి వెళ్తున్నారని తెలిసిన రోజు ఆయన నొప్పులు ఇంకాస్త పెరిగాయి.

పెరగవూ మరి? వాళ్ళిద్దరికీ మాటల్లేవు. నిశ్చితార్థం నాడు కోడూరులో సౌభాగ్యమ్మ ఒక గుక్క కాఫీ తాగి, "మీ దివిసీమ నీళ్ళ మహిమేమో గానీ, కాఫీ కొంచెం ఉప్పగా ఉందండీ," అంది. వీరలక్ష్మి ఆ గ్లాసు చేతిలోంచి తీసుకుని, తీసుకెళ్ళి కరివేపాకు మొక్కకి పోసింది. అప్పట్నుంచీ ఒకరితో ఒకరు చెప్పుకోవాల్సింది ఏమున్నా మధ్యలో మూడో మనిషి కావాలి. పెళ్ళి పీటల దగ్గరైతే పాపం పురోహితుడు మంత్రాలు ఆపి మరీ అటూ ఇటూ మాటలు మోశాడు.

ఈ ప్రయాణంలో ఆ మోత టూర్ మేనేజర్ గంగరాజు మీద పడింది. మొవ్వ ఊరి కుర్రాడు, నిదానస్తుడు. ప్యారిస్‌లో ఎత్తయిన ఇనప గోపురం కింద నించుని, "గంగరాజు గారూ, ఆవిడ నా ఫొటోకి అడ్డం ఉన్నారని చెప్పండి," అని ఒకావిడ, "ఆవిడ ఫొటోకి నేను కాదు, ఆ గోపురమే అడ్డమని చెప్పండి," అని రెండో ఆవిడ. అతను రెండూ చెప్పేవాడు.

స్విట్జర్లాండ్ వెళ్ళే దారిలో కొండల మధ్య ఒక చిన్న ఫ్రెంచి పల్లెలో రెండు రాత్రుల మజిలీ. దాని పేరు ఎవరికీ నోరు తిరగలేదు. సౌభాగ్యమ్మ దానికి 'కొండూరు' అని పేరు పెట్టేసింది. బస్సులో అందరూ అదే అన్నారు, వీరలక్ష్మి తప్ప.

ఊరు బావుంది. చెక్క ఇళ్ళు, కిటికీల నిండా ఎర్రపూలు, మెడలో గంటలేసుకుని గడ్డి మేసే ఆవులు. చిక్కల్లా నేలతోనే వచ్చింది. డెల్టాలో పుట్టి పెరిగిన కాళ్ళకి కరకట్టే మహా ఎత్తు. ఇక్కడ గుమ్మం దాటితే ఎక్కడమో దిగడమో తప్ప నడవడమన్నది లేదు. నేత చీరలు, వాటి మీద స్వెట్టర్లు, తలకి మంకీ క్యాపులు, కాళ్ళకి పిల్లలు కొనిపెట్టిన తెల్ల బూట్లు వేసుకుని వియ్యపురాళ్ళు జలపాతం చూడ్డానికి బయల్దేరి, జలపాతం చప్పుడు వినపడే దాకా వెళ్ళి, విన్నాం చాలని వెనక్కి వచ్చేశారు.

హోటల్ గదిలో ఇంకో చిక్కు. పేర్లు మారాయి గానీ ప్యాకేజీ హనీమూన్‌దే కదా. ఒకటే మంచం. మంచం మీద గులాబీ రేకులు, తువాళ్ళతో చేసిన రెండు హంసలు ముక్కూ ముక్కూ ఆనించి. సౌభాగ్యమ్మ ఒక హంసని విప్పి మొహం తుడుచుకుంది. వీరలక్ష్మి రెండోదాన్ని విప్పి తలకి చుట్టుకుంది. మధ్యలో సూట్‌కేసు పెట్టుకుని పడుకున్నారు.

అంతకు ముందు భోజనాల దగ్గర ఒక సంగతి జరిగింది. హోటల్ యజమానురాలు ఒక చేతిలో బంగాళాదుంపల పళ్ళెం, ఇంకో చేతిలో సూప్ గిన్నె పట్టుకుని ఏది కావాలని అడిగింది. సౌభాగ్యమ్మకి ఆకల్లేదు. "లేదమ్మా, లేదు," అంటూ పొట్ట మీద చెయ్యేసి చూపించింది. ఆవిడ సంతోషంగా రెండూ వడ్డించింది. "లేదు లేదు," అని మళ్ళీ అంటే మళ్ళీ రెండూ వేసింది.

"వద్దంటే పెడుతున్నారు. అచ్చం మన గుడివాడ మర్యాదే," అని మెచ్చుకుంది సౌభాగ్యమ్మ గంగరాజుతో, వీరలక్ష్మికి వినపడేలాగా.

మర్నాడు అందరూ మంచు చూడ్డానికి తీగ మీద వేలాడే బండి ఎక్కి పైకెళ్ళారు. వియ్యపురాళ్ళకి పిక్కలు పట్టేశాయి. విడివిడిగా గంగరాజుకి చెప్పి, ఇద్దరూ హోటల్ ముందు బెంచీకి చెరో కొసనా కూర్చున్నారు. ఊళ్ళో ఏదో పండగలా ఉంది. బాజాలు వాయిస్తున్నారు. కాసేపటికి హోటలావిడ, మెడలో మూడు రంగుల పట్టీ వేసుకున్న బుర్రమీసాల పెద్దాయన్ని వెంటబెట్టుకొచ్చింది. ఆయన ఆ ఊరికి సర్పంచి లాంటి వాడు. వీళ్ళని చూపించి ఆవిడేదో చెప్పింది, ఆయన చప్పట్లు కొట్టాడు. తర్వాత వంగి, పచ్చిక వాలు మీద వరసగా పెట్టిన చెక్క బళ్ళని చూపిస్తూ, నువ్వా, నువ్వా అన్నట్టు వేలు అటూ ఇటూ తిప్పాడు. అవి కొండ మీంచి ఎండుగడ్డి దించే బళ్ళు. చక్రాల్లేవు, జారడమే.

"లేదండీ, మాకలాంటివి అలవాటు లేదు," అంది వీరలక్ష్మి మర్యాదగా.

పెద్దాయన మొహం వెలిగిపోయింది. ఇద్దరి చేతులూ పట్టుకుని లేవదీశాడు.

వాలు పైకి చేరేసరికి మంకీ క్యాపుల మీద హెల్మెట్లు పెట్టేశారు. వీరలక్ష్మిని ముందు, సౌభాగ్యమ్మని వెనక కూర్చోబెట్టారు. పక్క బళ్ళలో కుర్ర జంటలు, ఆడపిల్లల నెత్తిన పూల కిరీటాలు. ఏం జరగబోతోందో అడగడానికి మూడో మనిషి లేడు. విజిల్ మోగింది.

మొదట మెల్లగా కదిలింది. తర్వాత మెల్లగా లేదు.

"వదినగారూ," అంది సౌభాగ్యమ్మ. నిశ్చితార్థం తర్వాత నేరుగా అన్న మొదటి మాట అది. "కాళ్ళు నేలకి ఆనించండి."

"ఆనించడానికి నేల ఏదండీ," అంది వీరలక్ష్మి.

"మరి ఆపడం ఎలాగ?"

"పడవ అనుకోండి. నేను ఎటు ఒరిగితే అటు ఒరగండి."

"నేను పడవెప్పుడు ఎక్కాను? మాది గుడివాడ కదా."

దారి ఎడమకి తిరిగింది. వీరలక్ష్మి ఎడమకి ఒరిగింది. సౌభాగ్యమ్మ భయపడి కుడికి ఒరిగింది. ఇద్దరిలో సౌభాగ్యమ్మే బరువు. బండి దారి వదిలేసి తిన్నగా దిగింది. దారిలో ఆవుల మంద గంటలు మోగించుకుంటూ రెండుగా చీలింది. ఎవరో ఆరేసుకున్న దుప్పటి ఒకటి వచ్చి మీద కప్పుకుంది. ఆ తర్వాత ఇద్దరికీ ఏమీ కనపడలేదు. అందుకే కొంచెం ధైర్యం వచ్చింది. చివరికి పెద్ద ఎండుగడ్డి కుప్పలోకి దూరిపోయి ఆగారు.

దుప్పటి తీసి చూస్తే బాజాలు వాళ్ళ ముందే మోగుతున్నాయి. కుర్ర జంటలు ఇంకా మలుపులు తిరుగుతూ వస్తున్నారు.

దారి తప్పి గెలిచారని కొందరు పేచీ పెట్టారు. ఇద్దరూ బండి మీంచి పడకుండా వచ్చారా లేదా, అంతే రూలని పెద్దాయన తేల్చేశాడు. తోలు పట్టీకి వేలాడే గుమ్మడికాయంత గంట ఒకటి, బండి చక్రమంత చీజ్ ముద్ద, అదే వాళ్ళ జున్ను, ఒకటి తెచ్చి బహుమతి ఇచ్చాడు. ఆ జున్ను వాసనకి సౌభాగ్యమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగితే, ఆనందబాష్పాలనుకుని అందరూ ఇంకోసారి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగలేదు. తాళం వేస్తున్నట్టు, ఏదో అడుగుతున్నట్టు కొడుతూనే ఉన్నారు.

అప్పుడే పై నుంచి దిగొచ్చిన గంగరాజు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. హోటలావిడతో మాట్లాడాక అతని మొహంలో రంగు పోయింది.

"ఇది కొత్త జంటల పందెమటండీ. మీ గది హనీమూన్ గది కదా, ఇక్కడ ఎవరితో ఎవరు ఉన్నా తప్పు లేదని మిమ్మల్నీ చేర్చారు. ఇద్దర్లో బండి తోలేది ఎవరని అడిగితే ఇద్దరమూ అన్నారట మీరు."

"లేదన్నాను కదా," అంది వీరలక్ష్మి.

"అదేనండీ. ఈ భాషలో 'లేదు' అంటే 'రెండూ' అని. ఇద్దరూ అన్నా అదే."

"మరి ఇప్పుడీ చప్పట్లేంటి?" అంది సౌభాగ్యమ్మ.

గంగరాజు బూట్ల వైపు చూసుకున్నాడు. "గెలిచిన జంట ముద్దు పెట్టుకోవాలటండీ."

వియ్యపురాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. సౌభాగ్యమ్మ జుట్టు నిండా గడ్డి. వీరలక్ష్మి బొట్టు ముక్కు మీదికి జారింది. ముందు ఎవరు నవ్వారో గంగరాజు కూడా చెప్పలేకపోయాడు. వీరలక్ష్మి రెండు చేతులూ చాచి, వియ్యపురాలి బుగ్గల చుట్టూ తిప్పి, తన కణతలకి ఆనించుకుని పటపటా మెటికలు విరిచింది. "దిష్టి తగుల్తుంది వదినగారూ, ఇంతమంది చూస్తున్నారు," అంది. సౌభాగ్యమ్మ కూడా ఆవిడకి దిష్టి తీసి మెటికలు విరిచింది.

జనం ఒక్క క్షణం చూశారు. తర్వాత బుర్రమీసాలాయన తన భార్య బుగ్గల చుట్టూ చేతులు తిప్పాడు. ఇంకాసేపటికి కొండూరంతా కణతలకి చేతులు ఆనించుకుని మెటికలు విరుచుకుంటోంది. రానివాళ్ళకి వీరలక్ష్మి దగ్గరుండి నేర్పింది.

ఆ సాయంత్రం సూట్‌కేసు మంచం కిందికి పోయింది. గంట ఎవరింట్లో ఉండాలన్న తగాదా స్విట్జర్లాండ్ అంతటా నడిచింది. గంగరాజు ప్రమేయం లేకుండా నేరుగా నడిచింది. మిగతా ప్రయాణంలో అతనికి కిటికీలోంచి చూడ్డానికి తీరిక దొరికింది.

బందరు స్టేషన్లో రైలు దిగేసరికి తగాదా తేలింది. గంట కోడూరు వెళ్ళి గేదె మెడకెక్కింది. ఆ గేదె రెండు పూటలు కదలకుండా నించుంది, కదిలితే మోగుతుందని. పాలు కూడా ఇవ్వలేదు. గంట గుడివాడ వచ్చేసి, కాంతారావు గారి గుమ్మానికి కాలింగ్ బెల్ అయింది.

జున్ను మాత్రం వెంకట్ ఇంట్లోనే ఉండిపోయింది. వాళ్ళు రైలు దిగిన రాత్రే కాలవలో పారేద్దామని అతను గోనెసంచీలో చుడుతుంటే, వేవిళ్ళతో నెల రోజులుగా మంచినీళ్ళు కూడా ఇమడని దుర్గ వంటింట్లోంచి వచ్చి, "ఏంటండీ అది, అంత కమ్మటి వాసన?" అంది. ఒక ముక్క కోసుకుని వేడన్నంలో ఆవకాయతో కలుపుకుని తింది. ఇంకో ముక్క కోసుకుంది. వియ్యపురాళ్ళు ఇద్దరూ చెరో పక్కన కూర్చుని, తిను తల్లీ, తిను అంటూ కొసరి కొసరి వడ్డించారు. వెంకట్ చాప చుట్టుకుని డాబా మీదికి వెళ్ళిపోయాడు.