వంటింటి కింద తెల్ల మట్టి

మడ బురదలో కట్టుకున్న ఇళ్ళు మావి. సముద్రం పోటెత్తితే వంటింట్లోకి నీళ్ళు, నీళ్ళతోపాటు పీతలు. అందుకని మా అన్న జెనేజియో ఎరువుల ఫ్యాక్టరీ వెనకనున్న తెల్ల గుట్ట నుంచి ట్రాక్టర్‌తో మట్టి తోలి, వీధిలో పదకొండు ఇళ్ళకు నేల ఎత్తు చేశాడు. అందరికీ ఊరికే తోలాడు.

నాలుగేళ్ళ తర్వాత ఒక శనివారం మధ్యాహ్నం, విశ్వవిద్యాలయం నుంచి క్లెయుజా అనే ఆవిడ రేడియేషన్ కొలిచే పెట్టెతో వచ్చింది. వీధిలో అది ఎప్పుడో ఒకసారి చిటుక్కుమంది. మా వంటింటి నేల మీద పెట్టగానే వేడి నూనెలో నీళ్ళు పడ్డట్టు ఆగకుండా చిటపటలాడింది.

"ఈ మట్టిలో రేడియం ఉందమ్మా. ఎరువు చేసే రాతిలో మామూలుగా ఉండేదే. ఎరువు తీశాక మిగిలిన పిప్పిలో చేరింది. పాపను ఈ నేల మీద పడుకోబెట్టకండి."

మా మూడేళ్ళ తైనా చల్లగా ఉంటుందని రోజూ అక్కడే పడుకునేది.

నా భర్త వాల్దెసి చిక్కుడుగింజల పళ్ళెం నెట్టేసి లేచాడు. గుమ్మంలో ఉన్న అన్న చొక్కా పట్టి లోపలికి లాగాడు.

"నీకు ముందే తెలుసా బావా?"

"అక్కడ బోర్డుంది, మట్టి తియ్యొద్దని. దొంగతనం చెయ్యొద్దని రాశారనుకున్నాన్రా."

"బోర్డు చూసి కూడా నా కూతురి కింద పోశావా!"

పార అందుకున్నాడు. మొదటి దెబ్బకు అన్న భుజం ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. రెండోది చెవిని చీల్చింది. మూడోసారి పార ఎత్తినప్పుడు వాల్దెసి చేతిని నెత్తురు వచ్చేదాకా కొరికాను.

"కొట్టనీ లిందాల్వా," అన్నాడు అన్న కిందపడి. "మా ఇంట్లోనూ ఇదే పోశాను. మా పాప ఉయ్యాల కిందే."

వాల్దెసి పార వదిలేసి, గోడకు తల కొట్టుకుంటూ ఏడ్చాడు.

వారం తర్వాత మా నేల పగలగొట్టి, ఆ మట్టిని ట్రాక్టర్‌లో ఫ్యాక్టరీ గేటుకు తీసుకెళ్ళి కుమ్మరించాం. వాల్దెసి తోలాడు, భుజానికి కట్టుతో అన్న అతని పక్కన కూర్చున్నాడు. కాపలావాళ్ళు లాఠీలతో మీద పడ్డారు. అన్నకు దెబ్బ తగలకుండా వాల్దెసి అతని మీద బోర్లా పడ్డాడు. వాల్దెసికి మూడు పళ్ళూ, ఎడమ కంటి చూపూ పోయాయి. వెంట వెళ్ళిన ఆడవాళ్ళం రాళ్ళు విసిరాం. నా రాయికి ఒక కాపలావాడి దవడ పగిలింది. దానికి నేను బాధపడలేదు.

రెండు నెలలకు ముసుగులూ చేతితొడుగులూ వేసుకున్న మనుషులొచ్చి మిగతా ఇళ్ళ నేలలు తవ్వి తీసుకుపోయారు.

తైనాను ఏటా పరీక్షకు తీసుకెళ్తున్నాం. "ఇప్పటిదాకా ఏమీ లేదు" అంటుంది డాక్టరమ్మ. ఆ "ఇప్పటిదాకా" అనే మాట వినలేక వాల్దెసి బయటే నిలబడతాడు. అన్న అతని పక్కన నిలబడతాడు.