నీడకి చిల్లులు

ఫ్రిజ్ మెకానిక్ కూతురికి ఎండ పడదు. తగిలితే చాలు, బొబ్బలే. అందుకని రోజూ పొద్దున్నే తండ్రి నీడలో నడిచి బడికి వెళ్తుంది. ఆయనది మహా చిక్కటి నీడ, గొడుగు అక్కర్లేదు. వచ్చిన చిక్కల్లా ఆయన నోటితోనే. గేటు గేటుకీ ఆగి కబుర్లు మొదలెడతాడు. పిల్ల ఆ నీడలోనే నిలబడి ఎక్కాలు వల్లె వేసుకుంటుంది.

ఒకరోజు పిల్ల చేతిమీద గుండీ అంత బొబ్బ లేచింది. చూస్తే నీడకి చిల్లు. వారం తిరిగేసరికి ఇంకో రెండు. బట్టలు కుట్టే భార్య సూదితో కూర్చుంది గానీ నీడలో దారం నిలిస్తేనా.

సంగతి చెప్పింది పిల్లే, సైన్సు పాఠం విని వచ్చి. పాత ఫ్రిజ్‌లలో ఉండే గ్యాసు మెల్లగా ఆకాశం పైదాకా పోతుందట. అక్కడ ఎండ దాన్ని విరగ్గొడితే క్లోరిన్ బయటపడుతుందట. దాని ఒక్కో కణం ఎండకి అడ్డుండే ఓజోన్ కణాల్ని వేలకొద్దీ చెడగొడుతుందట, తను మాత్రం అరగదట.

మెకానిక్ తింటున్న కంచం పక్కకి జరిపాడు. ఇన్నేళ్లూ పాత ఫ్రిజ్ చేతికొస్తే గొట్టం కోసి బుస్సున గాల్లోకి వదిలేశాడు మరి. గ్యాసు పట్టే సిలిండరు షాపులో ఓ మూల దుమ్ముకొట్టుకుని ఉంది. గ్యాసు దానిలోకి పట్టాలంటే అరగంట ఆలస్యం, గాలికి పోయే కంప మనకెందుకు అనుకున్నాడు.

మర్నాడే సిలిండరు తుడిచాడు. ఆ తర్వాత చుక్క గ్యాసు వదల్లేదు. అయినా చిల్లులు ఆగలేదు. ఆయన కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు.

"మానేశాను కదే! ఇంకా ఎందుకు పడుతున్నాయి?"

"ఇవి నేను పుట్టకముందు నువ్వు వదిలిన గ్యాసువి నాన్నా. అది ఇప్పుడు పైకి చేరుతోంది."

చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు గానీ, ఇక్కడ కాలుతున్నది పిల్ల చర్మం.

పరీక్ష రోజున అలవాటు కొద్దీ ఒక గేటు దగ్గర ఆగాడు. చిల్లులోంచి ఎండ పిల్ల చెంపమీద పడింది. పిల్ల ఆయన చొక్కా పట్టుకుని లాగింది.

"ఆగకు నాన్నా. నడుస్తూ ఉంటే చిల్లు ఒక్కచోట ఉండదు, కాలదు."

ఆయన మళ్లీ ఎవరి గేటు దగ్గరా ఆగలేదు. ఎవరు పలకరించినా నడుస్తూనే జవాబు. కాళ్లకి చక్రాలు కట్టుకున్నాడని వీధిలో నవ్వుకుంటారు. బడి గేటు తెరిచేదాకా తండ్రీకూతుళ్లు దానిముందు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు.