ఖాళీ ఉన్నిబూటు

అయినా ఆ మాట అంత గట్టిగా అననక్కరలేదు. మెల్లిగా అన్నా మకార్‌కి వినపడేది. అసలేమీ అనకుండా భుజాలెగరేసి బయటికి వచ్చేసినా పోయేది. గొంతు అంత పైకి ఎందుకు లేచిందో...

బస్సు కిటికీకి తల ఆనించుకుని కూర్చున్న ఉస్తీన్యా మళ్లీ అక్కడికే వచ్చింది. ఏ ఆలోచన మొదలుపెట్టినా చివరికి ఊళ్లోని పాత ఇంటి పొయ్యి దగ్గరే తేలుతోంది. కిటికీ అవతల ఆకులు రాలిపోయిన భూర్జచెట్లు, వాటి వెనక నల్లగా ఫర్ చెట్ల అడవి. ఒళ్లో స్కూలు సంచి. సంచిలో పుస్తకాల్లేవు. అమ్మమ్మ పాత ఉన్నిబూటు ఒకటి ఉంది, మడమ దగ్గర తోలుముక్క వేసి కుట్టింది. పొద్దున వంటగది మూలనుంచి దాన్ని తీసినప్పుడు అది ఎంత తేలిగ్గా ఉందంటే, ఆ తేలికకే ఆమె ముఖం వేడెక్కింది.

వేసవి చివర్లో ఊరు వదిలేశారు. స్కూలు ఎప్పుడో మూతపడింది, ఆ తర్వాత అంగడి, ఆ తర్వాత మందులిచ్చే నర్సు కూడా వెళ్లిపోయింది. పట్నంలో ప్లైవుడ్ మిల్లులో పనిచేసే అమ్మకి రెండు గదుల ఫ్లాటు దొరికింది. అమ్మమ్మ పెలగేయా పెద్దగా గొడవ చెయ్యలేదు. పొయ్యిలో ఉండి ఇంటిని కాచే ఇంటితాతని వెంట తీసుకుపోవాలి అని మాత్రం అంది. తను పుట్టింట్లోంచి అత్తారింటికి వచ్చినప్పుడు చూసింది, పక్కిళ్ల వాళ్లు కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు చూసింది. అందరూ చేసిన పనే. ఇంట్లో వాడిన బూటు ఒకటి ఇటుక పొయ్యి ముందు పెట్టి, తాతా, మేం వెళ్లిపోతున్నాం, నువ్వూ మాతో రా అని పిలవాలి. తాత అందులోకి ఎక్కుతాడు. తర్వాత వెనక్కి చూడకుండా ఎత్తుకుని వచ్చెయ్యాలి. కొత్త ఇంట్లో ఎవరు ఎక్కువ కాలం బతుకుతారో వాళ్లే పిలవాలని చెప్పి అమ్మమ్మ బూటు ఉస్తీన్యా చేతిలో పెట్టింది.

ఉస్తీన్యా మోకాళ్లమీద కూర్చుంది కూడా. నోరు తెరిచింది. అప్పుడే మకార్ ఆఖరి పెట్టెకోసం లోపలికి వచ్చాడు. సామాను మోస్తున్న లారీ వాళ్ల నాన్న లుక్యాన్‌ది. పట్నం హాస్టల్లో చేరినప్పటినుంచీ మకార్ ఆమె తరగతే. ఉస్తీన్యా అనే ముసలమ్మల పేరు స్కూల్లో ఎవరికీ తెలియకూడదని ఆమె తనని టీనా అని చెప్పుకుంది, అతనూ అలాగే పిలుస్తాడు.

"బూట్లోకి ఎవర్ని పిలుస్తున్నావ్ టీనా? పిల్లినా?"

"ఎవర్నీ లేదు. ఇక్కడ ఎవరూ లేరు. అంతా ముసలోళ్ల పిచ్చి."

సామాను లేని ఇల్లు కావడంతో ఆ మాట నాలుగు గోడలకీ తగిలి తిరిగొచ్చింది. మకార్ నవ్వనైనా నవ్వలేదు. సరే అని పెట్టె భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. ఏ నవ్వుకి భయపడి ఆ మాట అందో ఆ నవ్వు రానే లేదు. ఆమె ఖాళీ బూటు పట్టుకుని అతని వెనకే నడిచింది. పొయ్యి లోపల మసి కొంచెం రాలిన చప్పుడైంది. ఎవరో వెనక్కి జరిగి కూర్చున్నట్టు.

లేడనుకుని అని ఉంటే వేరు. స్కూల్లో అందరూ లేడనే అంటారు, వాళ్లకి నిద్ర బాగానే పడుతుంది. ఉస్తీన్యాకి తెలుసు ఉన్నాడని. చిన్నప్పుడు పొయ్యిమీది వెచ్చని అరుగుమీద పడుకుంటే, విప్పుకున్న జుట్టు తెల్లారేసరికి సన్నని జడలై ఉండేది. అమ్మమ్మ ఆ జడలు చూసి, నువ్వంటే ఇష్టంలే వాడికి, దువ్వెన పెట్టకు అనేది. ఒకసారి జ్వరం వచ్చినప్పుడు నుదుటిమీద ఒక చెయ్యి ఆనింది. బొచ్చుగా, వెచ్చగా, గొర్రెతోలు వాసనా పొగవాసనా కలిసి వేస్తూ. ఆ చేతిని ఆమె రెండు చేతులతో పట్టుకుని నిద్రపోయింది. ఆ చెయ్యి ఉన్న ఇంట్లో మోకాళ్లమీద కూర్చుని, ఎవరూ లేరు అంది. అదీ గట్టిగా.

ఫ్లాటులో ఇటుక పొయ్యి లేదు. అమ్మమ్మ బూటుని గ్యాసు పొయ్యి పక్క మూలలో పెట్టి, రోజూ సాయంత్రం సాసరులో పాలు, నల్లరొట్టె ముక్క పెట్టేది. పొద్దున్నకి పాలు మీగడ కట్టి అలాగే ఉండేవి. మొదట్లో అమ్మమ్మ నవ్వేసింది. "అలిగాడు. పాత ప్రాణం, ఇన్ని మెట్లెక్కాలంటే ఆయాసం రాదూ?" తర్వాత నవ్వడం మానేసింది. కప్పులు ఎక్కడున్నాయో మర్చిపోవడం మొదలుపెట్టింది. తలగుడ్డ కట్టుకుని, ఎక్కడికో బయల్దేరుతున్న మనిషిలా మంచం అంచున కూర్చునేది. డాక్టరు వయసన్నాడు. ఒకరోజు అమ్మమ్మ పాలు సింకులో పారబోస్తూ, తప్పు తనదేననీ, పిల్లకి మాట సరిగ్గా నేర్పలేదేమోననీ గొణుక్కుంది. ఉస్తీన్యా తలుపు వెనక నిలబడి విన్నది. అప్పుడైనా చెప్పొచ్చు. ఆమె స్నానాలగదిలోకి వెళ్లి కుళాయి తిప్పుకుని కూర్చుంది.

నిన్న మధ్యాహ్నం క్యాంటీనులో మకార్ చెప్పాడు. ఊళ్లో వీళ్ల పాత ఇంటిని దూలాల కోసం వాళ్ల నాన్న కొన్నాడట, ఎల్లుండి విప్పేస్తారట. చూడ్డానికి వెళ్తే పొయ్యిలోంచి ఎవరో పసిపిల్లాడిలా ఏడుస్తున్నారట. గోడకానించిన రంపం మాయమైపోయి మళ్లీ అటకమీద దొరికిందట. ముందు పొయ్యి పగలగొడితే గోల వదులుతుందని వాళ్ల నాన్న అన్నాడట. మకార్ ఇదంతా నవ్వుతూ చెప్పలేదు. ఆమె మాత్రం నవ్వింది. ఎందుకు నవ్వానా అని రాత్రంతా అనుకుంది. పొయ్యి పోతే పిలిచినా తాతకి వచ్చే దారుండదు, చల్లబడ్డ బూడిదలో ఏడుస్తూ ఉండిపోతాడు. అమ్మమ్మ ఆ మంచం అంచునే ఉండిపోతుంది.

ఇవాళ బయల్దేరుతుంటే అమ్మమ్మ సంచివైపు చూసింది. ఎక్కడికని అడగలేదు. ఉప్పు చల్లిన రొట్టెముక్క కాయితంలో చుట్టి ఇచ్చింది.

"బొత్తాలు పెట్టుకో తల్లీ. ఇవాళ యెరోఫే రోజు, అడవిపెద్ద చలికాలానికి భూమిలోకి దిగిపోయే రోజు. పోతూపోతూ చెట్లు విరగ్గొడతాడు. అటు పోకు."

బస్సు అడ్డదారి దగ్గర దింపేసి వెళ్లిపోయింది. అక్కడినుంచి ఊరికి అడవిదారే. ఉస్తీన్యాకి కళ్లు మూసుకున్నా తెలిసిన దారి. పిడుగుపడి చీలిన ఫర్ చెట్టు దాటింది, మంచు పట్టిన బాడవ దాటింది, కాసేపటికి మళ్లీ పిడుగుపడిన చెట్టు దగ్గరే ఉంది. ఇంకోసారి నడిచింది. మళ్లీ అదే చెట్టు. పైన గాలి లేదు, కానీ కొమ్మలు ఫెళఫెళమంటున్నాయి.

అడవిపెద్ద దారి తిప్పితే ఏం చెయ్యాలో ఆమెకి తెలుసు. బట్టలు తిరగేసి వేసుకోవాలి, కుడిబూటు ఎడమకాలికి, ఎడమది కుడికాలికి తొడగాలి. ఐదేళ్ల పిల్లలకి కూడా తెలుసు. చెయ్యి బొత్తాం దాకా వెళ్లి ఆగిపోయింది.

కోటు ముదురునీలం, పట్నం సంతలో కొన్నది, బయటికి కొత్తదానిలాగే ఉంటుంది. లోపలి అస్తరు చిరిగిపోతే అమ్మమ్మ తన పాత వంటగుడ్డ కోసి వేసింది. తెల్లగుడ్డమీద ఎర్ర కోడిపుంజులు. స్కూల్లో కోటు తగిలించేటప్పుడు ఆ పుంజులు కనపడకుండా లోపలికి మడిచి తగిలిస్తుంది. ఇప్పుడు కూడా అటూ ఇటూ చూసింది. అడవిలో ఎవరుంటారని చూస్తున్నట్టు? ఎవరూ లేనిచోట కూడా సిగ్గుపడుతోందంటే ఆ చూసేవాళ్లెవరో తనలోపలే బస చేసి ఉన్నారు.

"ఎవరమ్మాయివే నువ్వు?"

పడిపోయిన మానుమీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఇందాక అక్కడ లేడు. కోటు పక్కలు తారుమారుగా వేసుకున్నాడు, బూట్లూ తారుమారుగా ఉన్నాయి, కళ్లమీద కనుబొమలు లేవు. పక్కన బుట్టనిండా ఉడతలు, పెంపుడు పిల్లుల్లా కదలకుండా.

"టీనా," అంది.

"టీనా అనేది ఈ అడవిలో ఎప్పుడూ తిరగలేదే." ఆయన ఒక ఉడత చెవి గోకాడు. "పెలగేయా మనవరాలు ఒకత్తి ఉండేది. దారి తప్పిందంటే గౌను తిరగేసుకుని, పాట పాడుకుంటూ నా ముక్కుముందు నుంచే పోయేది. రవ్వంత సిగ్గుండేది కాదు. అది చూసే పోనిచ్చేవాణ్ణి."

"అది చిన్నప్పుడు. ఇప్పుడు పెద్దదయ్యింది."

"పెద్దదైతే? కోటుకి లోపలివైపు ఉండదా?"

ఆయన లేచి నిలబడ్డాడు. లేస్తూ లేస్తూ ఫర్ చెట్ల తలలదాకా లేచాడు. ఎక్కడో ఒక చెట్టు నడుం విరిగి కూలింది.

"తొందరగా తేల్చుకో పిల్లా. చీకటిపడే లోపల నేను దిగిపోవాలి. దిగేముందు నాకు బుర్ర సరిగ్గా ఉండదు."

ఉస్తీన్యా కోటు విప్పింది. చలి వీపున తగిలింది. తిరగేసి తొడుక్కుని, మంచులో కూర్చుని బూట్లు మార్చుకుంది. లేచేసరికి మానుమీద ఎవరూ లేరు. ఉప్పురొట్టె తీసి అక్కడ పెట్టింది. దారి తలుపు తీసినట్టు ఎదురుగా ఉంది.

ఊరు కనపడగానే కోటు సరిచేసుకోవాలని నడుస్తూనే అనుకుంది. ఊరు కనపడింది. దానితోపాటు తమ ఇంటి ముందు లుక్యాన్ లారీ కూడా కనపడింది. రేపు రావలసినవాళ్లు ఇవాళే వచ్చేశారు. కప్పుమీది చెక్క ఒకటి చిరచిరమని ఊడి కిందపడింది. చెయ్యి బొత్తాలమీద ఉండగానే ఆమె పరుగు తీసింది.

కప్పుమీంచి లుక్యాన్ తొంగిచూసి పగలబడి నవ్వాడు. "ఏమే, మీ కోళ్లన్నీ నీ వీపెక్కాయేంటే? పుంజులే ఉన్నాయి, పెట్టలేవి?"

"పొయ్యి ఉందా మామయ్యా?"

"ఉంది, దాని పనే పట్టబోతున్నా. లోపలికి పోకు, ఆ ఏడుపు విన్నావంటే నోట్లో ముద్ద దిగదు."

ఏడుపు వాకిట్లోకే వినపడుతోంది. సన్నగా, ఎవరూ వినడం లేదని తెలిసినవాళ్లు ఏడ్చే ఏడుపు. లోపల నేలమీద సుత్తి, గునపం సిద్ధంగా ఉన్నాయి. ఊడిన కప్పులోంచి వెలుగు నిలువుగా పొయ్యిమీద పడుతోంది. ఆమె మోకాళ్లమీద కూర్చుని బూటు తీసింది.

"తాతా, నువ్వూ మాతో రా," అని గుసగుసగా అంది.

ఏడుపు ఆగలేదు. ఇంకోసారి అంది, ఇంకా మెల్లిగా, పొయ్యి నోటికి నోరు ఆనించి. బూటు దూదిలా తేలిగ్గా ఉంది. వెనక గుమ్మం చెక్క కిర్రుమంది. తిరక్కుండానే తెలిసింది, మకార్. వీపుమీది కోడిపుంజులు ఒక్కొక్కటీ నిప్పుకణికలా అనిపించాయి. కాసేపు బయట ఉండమంటే ఉంటాడు, చెడ్డవాడు కాదు. అతను వెళ్లాక ఎన్నిసార్లయినా పిలవచ్చు. అతను వెళ్లాక పిలిస్తే ఆ పిలుపు ఎలాంటిదో లోపల ఏడుస్తున్నవాడికి తెలియదా? అతని ఎదుట, ఇల్లంతా మోగేలా లేడని చెప్పి, చాటుగా చెవిలో ఉన్నాడంటే ఎవరొస్తారు? ఎవరైనా ఎందుకు రావాలి?

చెవులు మండుతున్నాయి. ఊపిరి తీసుకుంది.

"తాతా," అంది. గొంతు ఆ రోజు లేచినంత పైకి లేచింది, గోడలకి తగిలింది. "నేను ఉస్తీన్యాని. ఆ రోజు నువ్వున్నావని నాకు తెలుసు. తెలిసే లేవన్నాను. మేం వేరే చోట ఉంటున్నాం, నువ్వూ మాతో రా. అమ్మమ్మ రోజూ పాలు పెడుతోంది."

కప్పుమీద చెక్కలు ఊడదీసే చప్పుడు నిలిచిపోయింది. గుమ్మం దగ్గర మకార్ నవ్వాడో లేదో ఆమె తిరిగి చూడలేదు. పొయ్యిలో ఏడుపు ఒక ఎక్కిలితో ఆగింది. మసి కొంచెం రాలింది.

ఉస్తీన్యా బూటు నోటిని పొయ్యి వైపు తిప్పి, తాత వచ్చే దారికి అడ్డంగా ఉన్న తన మోకాలిని పక్కకి జరుపుకుంది.