సవతి పొయ్యి

నేను ఒక గ్యాసు పొయ్యిని. రెండు బర్నర్లు, మెరిసే స్టీలు ఒళ్లు. ఫ్యాక్టరీ నుంచి పలాసలో ఒక టీచరమ్మ ఇంటికి వచ్చాను. అక్కడ మూడు పూటలా వంట నా మీదే. బదిలీ అయి వెళ్తూ ఆమె నన్ను దాలమ్మకు అమ్మేసింది. దాలమ్మ జీడిపిక్కలు ఒలిచే ఫ్యాక్టరీలో కూలి.

కొత్త ఇంట్లో నాకొక సవతి ఉంది. వసారాలో మట్టి పొయ్యి. పొద్దున టీ, ఉప్మా మాత్రమే నావి. సాయంత్రం అన్నం, కూర, ఆదివారం చేపల పులుసు అన్నీ దానివే. నన్ను దాలమ్మ పాతగుడ్డతో తుడిచేది. దాన్నేమో అలికి ముగ్గు పెట్టేది. ఆ ముగ్గు చూస్తే నా బర్నర్లు వెలిగించకుండానే మండేవి.

ఒకరోజు ఆమె భర్త గున్నయ్యే అడిగాడు. "గ్యాసుండగా ఈ పొగేటే?"

"సిలిండరు మూడు నెలలు రావాల. పొద్దున్న ఆలీసమైతే బస్సెలిపోద్ది, అప్పుడు గ్యాసు. సాయంత్రం తొందరేటుంది? అలా గ్యాసులో మిగిలిన డబ్బులకే ఆదివారం సేపలొత్తన్నాయి."

నా విలువ పొద్దుటి పది నిమిషాలేనని అప్పుడు తెలిసింది.

ఆ చలికాలం దాలమ్మకు దగ్గు పట్టుకుంది. ఒక సాయంత్రం ఊదుగొట్టం చేతిలో ఉండగానే ఊపిరాడక పక్కకు ఒరిగిపోయింది. పొగ మానకపోతే ప్రాణానికే ముప్పని నర్సు చెప్పింది. నేను సంతోషించాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

మంచం మీద కూర్చుని దాలమ్మ మళ్లీ ఆలోచించింది. "నెల్లో మొదటి రెండు ఆదివారాలు తిన్న సేపే రుసి. ఆ తరవాత ఉన్నా ఒకటే, నేకపోయినా ఒకటే. ఆకరి రెండూ మానేసి, ఆ డబ్బులతో అన్నీ గ్యాసు మీదే వండుతాను."

"మరి నీకిష్టం గదే?" అన్నాడు గున్నయ్య.

"ఊపిరంటే ఇంకా ఇష్టం."

మర్నాడు గున్నయ్య మట్టి పొయ్యిని పలుగుతో పగలగొట్టాడు. వంటంతా నాదే అయింది. దాలమ్మ దగ్గు తగ్గింది. గెలిచాననుకున్నాను.

కానీ మట్టి పొయ్యి ముందు ఆమె గంటసేపు పీట వేసుకు కూర్చునేది. నా ముందైతే నిలబడే, అరగంటలో వంట ముగించి, నాబ్ కట్టేసి వెళ్లిపోతుంది. మిగిలిన అరగంట గుమ్మంలో గున్నయ్య పక్కన కూర్చుని కబుర్లాడుతుంది, నాకు వీపు పెట్టి.

ఆ అరగంట నేనిచ్చిందే. ఇప్పుడు నా అసూయంతా దాని మీదే.