రెండో వాసో

"అరగంట పనే కదే" అన్నాడు బాబూరావు, ఇస్త్రీ చేయమని చొక్కా భార్య చేతిలో పెడుతూ. "కేలండరు రెడీమేడుగా ఉన్నదే. పేజీలో తగిలించెయ్యడమే. పదకొండుకి మీటింగు."

సుధామణి చేపల పులుసు కింద మంట తగ్గించి ఇస్త్రీపెట్టె వేడి పెట్టింది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి ముందు చొక్కా. కింద ఎలాగూ లుంగీయే. కెమెరాకి నడుము కిందిది కనపడదు.

ఫిబ్రవరిలో బర్మా సైన్యం ప్రభుత్వాన్ని లాక్కున్నాక ఫోన్లలో నెట్ తీసేశారు. తీగ కనెక్షన్ ఉన్న ఇళ్లకు మాత్రం పొద్దున్న తొమ్మిదికి వస్తుంది. యాంగోన్ నడిబొడ్డున పబేడాన్‌లోని ఈ మూడో అంతస్తు ఇంటికి ఆ తీగ ఉంది. బాబూరావు పనిచేసే కంపెనీ తలుపులు మూసి, ఎవరి ఇంట్లో వాళ్లను చేసుకోమంది. నెలాఖరుకి అసలు ఉండదంటున్నారు. మిగిలింది ఒక్క పని. ఊరి శివార్లలో మింగళాడోన్‌లో ఒక ప్రసూతి క్లినిక్ ఉంది. కర్ఫ్యూ భయంతో వచ్చి వరసలో నిలబడలేని గర్భిణులు ఇంటినుంచో, తీగ ఉన్న పక్కింటినుంచో తేదీ ఎంచుకునే పేజీ కావాలంది. క్లినిక్ నడిపే డాక్టరు డో ఖిన్ మే ఇంకో మాట కూడా అంది. ఆ పేజీలో పెట్టే కేలండరు చేసిన మనిషిని తమ దగ్గరే ఉద్యోగంలోకి తీసుకుంటానంది. ఆ మనిషితో మాట్లాడటానికే ఈ మీటింగు.

సుధామణి లాప్‌టాప్ తెరిచింది. లాగిన్ భర్తది. రెడీమేడు కేలండరు కాంపొనెంటుని తెచ్చుకోవడానికి ఒక వరస, పేజీలో పెట్టడానికి ఒక వరస. భాష బర్మీస్. వారం ఆదివారంతో మొదలు. డాక్టరు రాని రోజులు నొక్కినా పలకకూడదు. చిన్న ఫోన్లో కేలండరు పెట్టె పక్కకి జరిగిపోతే సరిచేసింది. నిజమే, అరగంట పనే. కోడు పైన, చేసినవారి పేరు ఉండే చోట, బాబూరావు అని ఉంది.

అసలు ఆ కేలండరు పెట్టెని తయారుచేయడానికి ఏడు నెలలు పట్టింది. అదీ ఆమెకి. అయిదేళ్ల కిందట అత్త తాయారు తుంటి విరిగి మంచాన పడితే, ప్రోగ్రాములు రాసే ఉద్యోగం మానెయ్యమని ఎవరూ అనలేదు. "ఇంట్లో ఉండి కూడా సేసుకోవచ్చు కదే" అన్నారు. అంతే అన్నారు. అత్తకి స్నానం చేయించి, అన్నం పెట్టి, పక్క మార్చి, మధ్యలో చేసుకుంది. కింద ఇంటి బర్మా టీచరమ్మ దగ్గర నలభై ఏళ్ల పాత కేలండర్లు తెచ్చుకుంది. బర్మా చాంద్రమానంలో ఏ ఏడు నెల పెరిగిందో, ఏ ఏడు రోజు పెరిగిందో, పున్నమి ఎక్కడ పడిందో ఒక్కొక్కటి సరిచూసింది. తయారయ్యాక బాబూరావు చూసి, "నా పేరుతో పెడితే పదిమందీ తీసుకుంటారు. ఆడోళ్లు సేసిందంటే నమ్మరే" అన్నాడు. తీసుకున్నారు. యాంగోన్‌లో ఎన్నో కంపెనీలు దాన్ని తగిలించుకున్నాయి. లోపల ఏముందో ఎవరూ తెరిచి చూడలేదు, పనిచేస్తోంది కాబట్టి. ఇంటికి వచ్చినవాళ్లతో అతను, "మా ఆడది కూడా కొద్దిగా ఎల్పు సేత్తది" అంటాడు. ఆ మాట అన్నప్పుడు ఆమె వాళ్లకి టీ ఇస్తూ ఉంటుంది. అతను చెడ్డవాడు కాదని అందరూ అంటారు. అనేవాళ్లెవరూ అతనికి వండిపెట్టలేదు.

ఫిబ్రవరి నుంచి రాత్రి ఎనిమిదికి వీధంతా బాల్కనీల్లో గిన్నెలు మోగిస్తోంది. సైన్యం దిగిపోవాలని. బాబూరావు కూడా మోగిస్తాడు, గొంతు బొంగురుపోయేదాకా అరుస్తాడు. గిన్నె ఆమెది, గరిటె ఆమెది. మర్నాడు సొట్టపడిన గిన్నెని తిరగేసి రోకలితో సరిచేసి అందులోనే అన్నం వండేది కూడా ఆమే.

"కోడలా, నీళ్లు!" లోపలి గదిలోంచి తాయారు.

బాబూరావు ఆ గది గుమ్మం పక్కనే నిలబడి తల దువ్వుకుంటున్నాడు. "సుదా, అమ్మ పిలుత్తంది" అన్నాడు.

ఆమె లేచి వెళ్లి నీళ్లు ఇచ్చింది. మంచం పక్క గోడకి విశాఖ నుంచి తెప్పించిన పోయినేటి పంచాంగం వేలాడుతోంది. కొత్తది ఈ గొడవల్లో రాలేదు. పోయినేడు అధిక ఆశ్వయుజం వచ్చింది. నెలంతా మంచంలోంచే అత్త పూజలు, ఆమె వంటలు. గుడికి అరటిపళ్లు మాత్రం బాబూరావు మోశాడు.

పదకొండుకి అతను ఫ్యానుకి ఎదురుగా లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. సుధామణి వంటగది గుమ్మంలో కత్తిపీట ముందు. ఎప్పుడూ అంతే. అతను తడబడితే చీటీ రాసి కెమెరాకి అందకుండా చూపించాలి.

తెర మీద డో ఖిన్ మే పేజీ చూసి సంతోషపడింది. మగవాళ్ల పేరు ముందు కో, ఆడవాళ్ల పేరు ముందు మ, పెద్దావిడైతే డో, ఇక్కడి మర్యాద అది. "బాగుంది, కో బాబు. ఈ ఏడు వాసో నెల రెండుసార్లు వస్తుంది కదా. మా పల్లెటూరి గర్భిణులు రెండో వాసో పున్నమికి రమ్మన్నారా అనే అడుగుతారు. తేదీ తప్పితే కర్ఫ్యూలో నొప్పులతో రోడ్డున పడతారు. ఏ నెల పెరుగుతుందని మీ పెట్టెకి ఎలా చెప్పారు?"

బాబూరావు చిరునవ్వు నవ్వాడు. "అది ఏడాదికో నెల మారుతుందండీ. ఒకసారి వాసో, ఒకసారి ఇంకోటి. లెక్క కట్టి నేనే పెట్టాను."

సుధామణి చేతిలో వంకాయ ఆగింది. అతను చెప్పింది అత్త గోడ మీది పంచాంగం లెక్క. మారేది మన అధికమాసం. బర్మా వాళ్లకి నెల పెరిగితే అది వాసో ఒక్కటే. ఈ దేశంలో బడికెళ్లే పిల్లకి కూడా తెలుసు. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన బాబూరావుకి అది తెలుసుకునే అవసరమే రాలేదు. పండగలకి సెలవు తెలిస్తే చాలు. మిగతాది ఇంట్లో ఎవరో ఒకరు చూసుకుంటారు.

డో ఖిన్ మే తెరకి దగ్గరగా వంగింది. "కో బాబు, ఇది మీరే చేశారా?"

అతను మైకు ఆపేశాడు. మెడ వెనక్కి తిప్పకుండా, "ఏటే, నోట్లో ఏటెట్టుకున్నావ్? సెప్పు బేగి! చీటీ రాయ్!" అన్నాడు.

ఆమె చేతులు కడుక్కుంది. కొంగుకి తుడుచుకుంది. వచ్చి కుర్చీ పక్కన నిలబడింది.

"లెగండి."

"ఏటీ?"

"కుర్చీలోంచి లెగండి."

"పరువు తీత్తావేటే?"

"మీ లుంగీ కనపడకుండా పక్కకి జరగండి."

అతను జరిగాడు. ఎందుకు జరిగాడో అతనికే తెలియలేదు. ఆమె కూర్చుంది. మైకు నొక్కింది.

"నమస్కారం, డో ఖిన్ మే. నా పేరు సుధామణి. పెరిగేది వాసో ఒక్కటే. ఈ పెట్టెలో రెండో వాసో సరిగ్గానే ఉంది. చెప్పడం తప్పింది, చేయడం తప్పలేదు. చేసింది నేను."

"మరి కో బాబు?"

"పేరు ఆయనది పెట్టారు."

తెర మీది ముసలావిడ కళ్లద్దాలు సర్దుకుంది. "సరే, మ సుధామణి. మొదటినుంచి చెప్పండి."

"కోడలా!" లోపలి నుంచి తాయారు. "పక్క తడిసిపోనాది, రా!"

బాబూరావు గోడకి ఆనుకుని నిలబడి భార్య వైపు చూశాడు, ఎప్పటిలాగే.

సుధామణి మైకు ఆపలేదు, తల తిప్పలేదు.

"అత్తా, మీ అబ్బాయి ఖాళీగా ఉన్నారు."