కావలి కనిపించిన రోజు

"పప్పు మాడి చాల్ మొత్తం వాసనొస్తుంటే పొయ్యి కాడ నిలబడ్డ నీకు తెల్వలేదా? ముక్కున్నదా, ఊడిందా?" అంది మా అత్త శాంతాబాయి, ముంబైలో మేముండే ఆ వరస గదుల చాల్ అంతా వినబడేలా.

ఉంది. మూసుకుపోయి ఏడాదైంది. లోపల కండ పెరిగింది, తీసేయాలని డాక్టరు చెబితే మా ఆయన రాజమల్లు నవ్వాడు. "సర్దీకి ఆపరేషనా?" మొదట మరిది పెళ్లయ్యాక అన్నాడు. తర్వాత అత్త కంటి ఆపరేషన్ అయ్యాక. ఇప్పుడేమో బోనాలయ్యాక.

పోయిన వారం చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. వచ్చింది నేను పనిచేసే ల్యాబ్‌కే. స్లైడ్లకు రంగు వేసేది నేనే. వాటి మీద పేర్లుండవు, నెంబర్లే. ఆ నెంబరూ నేనే రాశాను కాబట్టి ఏది నాదో తెలుసు.

కణం చెడిపోకుండా కాపలా కాసే ప్రోటీన్ ఒకటుంది, పీ53 అంటారు. అది బుద్ధిగా పనిచేసుకుపోతుంటే రంగు దాదాపు పట్టదు. పాడై, పనికిరాక పోగుపడితేనే ముదురు గోధుమరంగులో బయటపడుతుంది. నా స్లైడంతా ఆ గోధుమరంగు చుక్కలే! రంగు ఎక్కువ పట్టిందేమోనని, పక్కన సరిచూసుకోవడానికి పెట్టే స్లైడ్ చూశాను. అది సరిగ్గానే ఉంది. పాడు నవ్వొకటి వచ్చింది. పొద్దున్నే లేచి నల్లా నీళ్లు పట్టి, డబ్బాలు కట్టి, గ్రాంట్ రోడ్‌లో లోకల్ రైలెక్కినన్నాళ్లూ నేనెవరికి కనిపించాను? కనిపించింది పప్పు మాడిన రోజే కదా!

రిపోర్టు చూసి క్యాన్సర్ కాదని చెప్పింది ముక్కు డాక్టరు కాజల్ మేడం. కానీ ఈ రకం కండ మళ్లీ పెరుగుతుందట, ఒక్కోసారి క్యాన్సర్‌గా మారుతుందట. ఈ రంగు చూశాక ఆగొద్దని, శుక్రవారం ఆపరేషన్‌కి వచ్చి చేరమని చెప్పింది.

సాయంత్రం ఇంట్లో చెప్పాను.

"క్యాన్సర్ కాదన్నరు గద! ఖాలీపీలీ టెన్షన్ ఎందుకు? ఆదివారం బోనం అయిపోనీ," అన్నాడాయన టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఒళ్లు మండింది. ఆపరేషన్ కాగితం తీశాను. దాని మీద ఆయన కొట్టేసిన తేదీలు మూడున్నాయి. వాటి కింద శుక్రవారం తేదీ వేసి సంతకం పెట్టాను. తోడుకు పక్క ఖోలీలో ఉండే భూదేవక్కను అప్పటికే అడిగాను, వస్తానంది.

"మరి బోనం ఎవరు వండుతరే?" అత్త గొంతు లేచింది.

"వాసన తెలిసేటోళ్లు వండుతరు," అన్నాను.