హెస్టర్ సరస్సుకి సరిపడే లైట్లు

శుక్రవారం పొద్దున్నే నోలీన్ హాకింగ్ టపా సంచులు బండిలోకి విసిరి, ఫ్లాస్కులో టీ పోసుకుని, నాలుగు టైర్లనూ బూటుతో తలా ఒక తన్ను తన్ని చూసి, ముల్గరీ ఊరి నుంచి బయల్దేరేది. ఊరి చివరిదాకా ఎర్రమట్టి రోడ్డు. ఆ తర్వాత హెస్టర్ సరస్సు. సరస్సన్న మాటే గాని పగలు చుక్క నీరుండదు. అంతా ఉప్పు, తెల్లగా, గట్టిగా, అవతలి ఒడ్డు కంటికి ఆననంత దూరం పరుచుకుని ఉంటుంది. పాత చక్రాల జాడే దారి. ఆ జాడ పట్టుకుని పోతే అవతల విల్గా అనే గొర్రెల స్టేషన్, అంటే గొర్రెలు పెంచే పెద్ద క్షేత్రం, వస్తుంది. అక్కడ ఆల్బీ పాస్కో ఒక్కడే ఉంటాడు, కుక్కలతో, గొర్రెలతో.

ఆల్బీకి వచ్చే టపా ఏపాటిది? గొర్రెల మందుల కంపెనీ కేటలాగు, పెర్త్ నుంచి చెల్లెలి ఉత్తరం, ఎప్పుడైనా పంపుసెట్టు విడిభాగం. దానికోసం నోలీన్ అంత ఉప్పు దాటి వెళ్లేది. ఆల్బీ క్వాండాంగ్ పళ్ల జామ్ రాసిన రొట్టెలు బల్లమీద పెట్టి ఉంచేవాడు. వానల గురించి, అంటే పడని వానల గురించి, ఇద్దరూ మాట్లాడుకునేవారు. ఆవిడ భర్త పోయి చాలా కాలమైంది. ఇతను పెళ్లే చేసుకోలేదు. ఆ శుక్రవారాలకి ఇద్దరిలో ఎవరూ ఏ పేరూ పెట్టలేదు.

పొద్దు వాలకముందే ఆవిడ తిరిగి వచ్చేసేది. చీకటి పడితే సరస్సులోకి పాత నీళ్లు తిరిగొస్తాయి కదా. ఏ కాలంలోనో ఎండిపోయిన నీళ్లు, ఉప్పు కాదు, తియ్యటివి. వెలుతురు పడినచోట ఉండవు, పడనిచోట ఉంటాయి. పౌర్ణమికి చీలమండ లోతు, అమావాస్యకి బండి కిటికీ లోతు. తెల్లారితే మళ్లీ ఉప్పే. ఒడ్డుమీద ఇళ్లున్నవాళ్లు వరండా దీపం ఆర్పరు, మెట్లు తడుస్తాయని. ఒకసారి గొర్రెల లారీ ఒకటి లైట్ల ఫ్యూజు కొట్టేసి నడిమధ్యలో మునిగింది. డ్రైవరు లారీ నెత్తిన కూర్చుని తెల్లవార్లూ తిట్టుకున్నాడు. గొర్రెలు ఈదుకుంటూ ఉండి, పొద్దున్నే ఉప్పుమీద తడి బొచ్చుతో నిలబడి కనిపించాయి. లారీ మునిగినచోట ఒక ఇనప కడ్డీ పాతారు. సరస్సుకి అదే నడుమ.

ఆ ఏడాది చలికాలంలో దక్షిణం నుంచి టపా తెచ్చే పెద్ద లారీ వేళ మారబోతోందని కబురొచ్చింది. పొద్దున వచ్చేది ఇక మధ్యాహ్నానికి గాని రాదు. నోలీన్ విల్గా చేరేసరికే సాయంత్రమవుతుంది, తిరిగి రావడం చీకట్లో. టపా ఆఫీసు పెద్దలు ఒక్క ముక్కలో చెప్పేశారు. చీకట్లో సరస్సు దాటగలిగితే దాటు, లేకపోతే విల్గాని నీ దారిలోంచి తీసేస్తాం, ఆల్బీయే నెలకోసారి సరస్సు చుట్టూ తిరిగి ఊళ్లోకొచ్చి తన టపా తనే పట్టుకుపోతాడు.

చుట్టూ తిరిగి రావడమంటే పొద్దంతా ప్రయాణం. నెలకోసారి ఎవరో ఒకరు పోస్టాఫీసు కిటికీలోంచి ఆల్బీకి కేటలాగు అందిస్తారు. రొట్టెలుండవు, వానలుండవు. ఈ సంగతి నోలీన్ ఎవరితోనూ అనలేదు. ఊరందరికీ తెలుసు.

"బండికి లైట్లు పెట్టించు," అన్నాడు గ్యారేజీ మిర్కో.

నోలీన్ ఫోర్ వీల్ డ్రైవ్ బండికి కంపెనీ ఇచ్చిన దీపాలు కంగారూని చూడ్డానికే చాలవు. సరస్సుకి ఏం చాలతాయి? ముందున్న ఇనప చట్రానికి విడిగా పెద్ద లైట్లు బిగించాలి. ఏవి బిగించాలన్నదే తగాదా. ఆ రోజు గ్యారేజీలో ట్రెవ్ కూడా ఉన్నాడు. మూడు ట్రెయిలర్ల లారీ నడుపుతాడు. డబ్బా బోర్లించుకుని కూర్చుని మాంసం కూరిన రొట్టె తింటున్నాడు.

"దూరం కొట్టేవి పెట్టించు తల్లీ. నావి వేస్తే వచ్చే వారం కనిపిస్తుంది," అన్నాడు ట్రెవ్.

"వచ్చే వారం కనిపించేవాడివి మొన్న ఆ కంగారూని ఎలా గుద్దావురా?" అని బండి కిందనుంచి మిర్కో గొంతు వచ్చింది.

"అది పక్కనుంచి దూకింది."

"నేను చెప్పేదీ అదే. నీళ్లు కూడా పక్కనుంచే వస్తాయి."

మిర్కో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి నోలీన్‌కి రెండు లైట్లు చూపించాడు. రెండూ గుండ్రంగా, రొట్టెల పెనమంత ఉన్నాయి.

"ఇది దూరం లైటు. అవతలి ఒడ్డుదాకా దారి ఎండిపోతుంది, కాని తాడంత సన్నంగా. అటూ ఇటూ నీళ్లు గోడల్లా నిలబడి ఉంటాయి. స్టీరింగ్ కాస్త కదిలిందా, చక్రం నీళ్లలో. ఇది వెడల్పు లైటు. చుట్టూ వాకిలంత పొడి నేల ఇస్తుంది. కాని ముందుకి ఎంతో చూపించదు. మెల్లగా పోవాలి."

"ఆవు నడక," అన్నాడు ట్రెవ్ నోటినిండా రొట్టె పెట్టుకుని.

"ఆవు ఇంటికి చేరుతుంది. నీ సంగతి నాకు తెలీదు."

"తెల్లదా, పసుపుదా?" అనడిగింది నోలీన్.

"తెల్లది దుమ్ములో నీ కళ్లలోకే తిరగబడుతుంది. పసుపుది నయం. కాని పసుపువి ఇప్పుడు ఎవరూ తేవడం లేదు. పసుపు మూత ఇస్తా, దుమ్ము లేస్తే తగిలించుకో. మరి దూరమా, వెడల్పా?"

నోలీన్ రెండింటినీ చేత్తో పట్టుకుని బరువు చూసింది. గాజుమీద గోటితో కొట్టి చూసింది.

"ఆల్బీని అడిగి చెప్తా," అంది.

మిర్కో, ట్రెవ్ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఆవిడ బండి మలుపు తిరిగాక ట్రెవ్ అన్నాడు: "ఆ మొద్దుని అడిగితే ఏం చెప్తాడు? వెళ్లొద్దని చెప్తాడా?"

"చెప్పడు. అదే వాడి రోగం," అన్నాడు మిర్కో.

కొత్త వేళ అమలయ్యే ముందు అదే ఆఖరి పగటి శుక్రవారం. నోలీన్ టీ కప్పు పక్కకి జరిపి అడిగింది. ఆల్బీ టోపీ తీసి బల్లమీద పెట్టాడు, పెద్ద విషయమైతే అలా పెడతాడు. తర్వాత తన జన్మలో ఎన్నడూ మాట్లాడనంత మాట్లాడాడు. లైట్లకి సన్న వైరు వాడకూడదన్నాడు. బ్యాటరీ నుంచి విడిగా లాగాలన్నాడు. చట్రానికి మరీ పైన పెడితే బానెట్టు మెరిసి కళ్లు కొడుతుందన్నాడు. గతుకుల్లో వణక్కుండా వెనకాల ఇంకో కమ్మీ వేయించమన్నాడు. బల్లమీద జామ్ సీసాని ఎడమ లైటూ, చక్కెర డబ్బాని కుడి లైటూ చేసి, ఎంత వంచి పెట్టాలో చూపించాడు.

"ఇంతకీ దూరమా, వెడల్పా?"

"వెడల్పువే. రెండూ వెడల్పువే."

"ఎందుకట?"

"దూరపు లైట్లతో ముందుకి మాత్రమే పోగలవు. వెడల్పువైతే మధ్యలో బండి తిప్పుకోవచ్చు."

"సరస్సు మధ్యలో బండి ఎందుకు తిప్పుతాను?"

ఆల్బీ జామ్ సీసా మూత బిగించాడు. బిగిసే ఉన్న మూత.

"ఏమో. మనిషన్నాక ఏదో ఒకటి గుర్తొస్తుంది," అన్నాడు.

నోలీన్ కాసేపు చూసింది, ఇంకేమైనా అంటాడేమోనని. అతను లేచి కుక్కలకి నీళ్లు పెట్టడానికి వెళ్లాడు. ఆవిడ తలుపు కాస్త గట్టిగానే వేసి బండెక్కింది.

ఊళ్లో వెడల్పువే బిగించారు. ట్రెవ్ నవ్వాడు. మిర్కో కొలత తాడు పెట్టి, జామ్ సీసా చక్కెర డబ్బా లెక్క ప్రకారమే వంచి బిగించాడు.

తర్వాతి శుక్రవారం అమావాస్య. నోలీన్ విల్గా చేరేసరికి పొద్దు ఎర్రబడింది. టీ తాగారు. వానల గురించి మాట్లాడారు. ఆల్బీ బయటికొచ్చి కొత్త లైట్ల చుట్టూ తిరిగాడు. చట్రాన్ని పట్టుకుని ఊపాడు.

"బాగా బిగించాడు," అన్నాడు.

"అంతేనా?"

"ఎడమది ఇసుమంత పైకుంది. పర్లేదు."

చీకటి పడింది. నోలీన్ లైట్లు వేసింది. గట్టుదాకా వచ్చిన నీళ్లు వెనక్కి జరిగి, బండి ముందు వాకిలంత ఉప్పు తెల్లగా తేలింది. ఆవిడ బండిని సరస్సులోకి దించి మెల్లగా పోయింది. వాకిలి ఆవిడతోపాటే జరిగింది. దాని అంచున నీళ్లు చిన్నగా అలలు కొడుతున్నాయి. గూడబాతులు ఆ అంచుమీదే తేలుతూ బండి వంక చూశాయి. వెనకాల నీళ్లు మూసుకుంటూ వస్తున్నాయి. అద్దంలో విల్గా వరండా దీపం ఒక్కటే చుక్కలాగా కనబడుతోంది.

లైట్లు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. అదే ఆవిడకి కోపం తెప్పించింది. ఇక ప్రతి శుక్రవారం ఇలాగే వచ్చి ఇలాగే పోవచ్చు, ముసలిదయ్యేదాకా. ఆ మనిషి వైర్ల గురించి అంతసేపు మాట్లాడాడు. కమ్మీల గురించి మాట్లాడాడు. చీకట్లో వెళ్లకు అని ఒక్క ముక్క అనలేకపోయాడు! గొర్రెల లారీ మునిగినచోటి కడ్డీ దాటుతూ ఉండగా నోలీన్ బ్రేకు వేసింది. తిరిగి వెళ్లి వాణ్ని నిలబెట్టి నాలుగు తిట్లు తిట్టి, అప్పుడు ఇంటికి పోవాలనుకుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పింది. వెలుతురు వాకిలి గుండ్రంగా తిరిగింది, చక్రం తడవకుండా బండీ తిరిగింది.

తిరిగి చూస్తే ఎదురుగా లైట్లు.

ఆవిడ బయల్దేరాక ఆల్బీ వరండాలో నిలబడి ఆవిడ లైట్లు చిన్నవైపోవడం చూశాడు. చూసి చూసి, టోపీ కూడా పెట్టుకోకుండా తన పాత బండెక్కాడు. నక్కల వేటకి బిగించుకున్న పసుపు లైట్లు ఆ బండికి. అవి వేసుకుని సరస్సులోకి దిగి, ఎన్నడూ పోనంత జోరుగా వచ్చాడు. ఈవిడ వెలుతురూ ఆయన వెలుతురూ మధ్యలో కలిశాయి. ఒక బండి మూతినుంచి ఇంకో బండి మూతిదాకా ఎండిన ఉప్పు.

ఆ దేశంలో చీకట్లో ఎదురుబండి కనిపిస్తే లైట్లు కిందికి దించాలి. దించనివాణ్ని మనిషిగా లెక్కపెట్టరు. పిల్లలకి గేరు వేయడం కంటే ముందు ఇది నేర్పుతారు. హెడ్‌లైటు దించితే, విడిగా బిగించిన పెద్ద లైట్లు కూడా దాంతోపాటే ఆరిపోవాలి, వైర్లు అలాగే కలపాలని చట్టం. సరస్సులో చీకటివేళ రెండు బండ్లు ఎదురుపడింది లేదు. అందుకని అక్కడ ఏం చెయ్యాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

నోలీన్ మర్యాదగా లైట్లు దించింది. అదే క్షణాన ఆల్బీ కూడా దించాడు.

నీళ్లు నాలుగు పక్కల్నుంచీ వచ్చి కిటికీలదాకా నిలిచాయి. రెండు ఇంజన్లూ గుటకలు మింగి ఆగిపోయాయి. మిగిలిన దీపాలూ పోయాయి. నోలీన్ కిటికీలోంచి పాకి బండి నెత్తికెక్కింది. ఎదురు బండి నెత్తిమీద కూడా దబ్బుమని చప్పుడైంది.

"లైట్లెందుకు దించావ్?" అని అరిచింది.

"నువ్వెందుకు దించావ్?"

"ఎదురుగా బండొస్తే దించరా మరి?"

"నేనూ అందుకే."

రెండు బండ్ల మధ్య ఒక గది వెడల్పు నీళ్లు. ఇద్దరికీ ఈత రాదు. అక్కడ ఎవరికీ రాదు.

"టార్చి లేదా నీ దగ్గర?"

"సీటు కింద ఉంది. అంటే, నీళ్ల కింద. నువ్వెందుకు తిరిగొచ్చావ్?"

"నిన్ను తిట్టడానికి. నువ్వెందుకొచ్చావ్?"

గూడబాతు ఒకటి రెక్క దులుపుకుంది.

"ఎడమ లైటు పైకుందని చెప్పడానికా?" అంది నోలీన్.

"కాదు. ఉండిపొమ్మని చెప్పడానికి."

"ఎక్కడ?"

"ఇక్కడ. ఇక్కడంటే ఇక్కడ కాదు. ఇంట్లో. ఈ ఒక్క పూట కాదు, మొత్తానికి." ఆల్బీ ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు వెళ్లడానికి లైట్లు బాగుండాలని చూశానే గాని, వెళ్లడం బాగుందని కాదు."

నోలీన్ తడి బూట్లు విప్పి, నీళ్లు వంచి, పక్కన పెట్టుకుంది.

"వింటున్నావా?" అన్నాడు.

"విన్నాను. తెల్లారనీ."

ఇంకేం చేస్తారు, మాట్లాడుకున్నారు. వానల గురించి కాదు. ఆవిడ భర్త గురించి, అతని చెల్లెలి గురించి, అతను ఒకప్పుడు అడగాలనుకుని అడగని ఇంకో అమ్మాయి గురించి. మధ్యలో చలికి పళ్లు టకటకలాడి మాటలు ఆగాయి. తూరుపు తెల్లబడేకొద్దీ నీళ్లు తలుపులకి, చక్రాలకి దిగి, చివరికి లేకుండా పోయాయి. రెండు బండ్లూ ఉప్పుమీద ఒకదాని మూతికి ఒకటి ఎదురుగా నిలబడి ఉన్నాయి. దూరాన ట్రెవ్ లారీ గట్టు రోడ్డున పోతూ కనిపించింది. అతను అంత దూరం నుంచీ హారన్ కొట్టాడు గాని ఆగలేదు.

నోలీన్ దిగింది. తడి బూట్లు తొడుక్కుంది. టపా సంచి బయటికి లాగి పిండింది. ఇంజను తాళం తిప్పి చూసింది. అది దగ్గనైనా లేదు. ఆల్బీ బండీ అంతే. నడవాల్సిందే. కడ్డీ దగ్గరనుంచి రెండు ఒడ్లకీ ఒకటే దూరం.

ఆల్బీ బానెట్టు మీంచి జారి కిందికి దిగి, రాత్రి అన్న మాటకి జవాబు కోసం ఆవిడ మొహం వంక చూశాడు. ఆవిడ సంచి భుజాన వేసుకుని నడక మొదలుపెట్టింది. ఆల్బీ ఆమె వెళ్తున్న దిక్కు చూసి, ఎండ కళ్లలో పడి పొరబడిందనుకున్నాడు.

"ఊరు అటు కాదు," అన్నాడు, వేలెత్తి చూపిస్తూ. "ఇటు."

"తెలుసు," అంది నోలీన్, ఆగకుండానే.

ఆల్బీ చూపించిన వేలు చాలాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత చెయ్యి దించి, సంచి తను పట్టుకుందామని ఉప్పుమీద పరుగెత్తాడు.